కొరకండి, వదలండి

"కొరకండి," అన్నాడు పళ్ళ మేస్త్రి, తేనె పూసిన గొంతుతో.

కుర్చీలో వెనక్కి వాలిన బాకా మాస్టారు బుద్ధిగా కొరికాడు. ఆయన నోట్లో కొత్త పళ్ళ సెట్టు ఉంది. పై పళ్ళకీ కింది పళ్ళకీ నడుమ నీలం కాగితం ముక్క ఉంది. ఏ పన్ను ఎత్తుగా ఉంటే దాని మీద ఆ కాగితం మరక వేస్తుంది. మరక పడ్డచోట మేస్త్రి ఓ రవ్వ అరగదీస్తాడు. పళ్ళు కట్టడంలో ఇది ఆఖరి పని, అన్నిటికన్నా ఓపిక కావలసిన పనీ ఇదే. మాస్టారు అలా కొరికాడో లేదో, కుర్చీ కింద పడుకున్న కుక్కపిల్ల కూడా లేచి కొరికింది. కాగితాన్ని కాదు లెండి. ఆయన పాంటు అంచునీ, దాంతోపాటు దొరికినంత మడమనీ.

మాస్టారు పెట్టిన కేకకి కింది సెట్టు ఊడొచ్చి ఒళ్ళో పడింది.

"ఏయ్! కొరకొద్దు! కొరకొద్దంటుంటే!" మేస్త్రి గొంతు చించుకున్నాడు. ఆయన అరిచినకొద్దీ అది ఇంకా గట్టిగా పట్టుకుని, ముందుకాళ్ళు నేలకి తన్నిపెట్టి, తోక ఊపుతూ లాగింది.

"ఇంతకీ కొరకాలా, వద్దా మేస్త్రిగారూ?" అన్నాడు మాస్టారు మిగిలిన పై పళ్ళతో.

వంటింట్లో, మరిగే నీళ్ళలోంచి ఇత్తడి అచ్చులు పైకి తీస్తున్న మేస్త్రి భార్య పట్టకారు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. వీధిలో అందరూ ఆవిడని పాలిషు పిన్ని అంటారు. మేస్త్రి కట్టిన పళ్ళకి మెరుగు పెట్టేది ఆవిడే మరి. పిన్ని మోకాళ్ళ మీద కూలబడి, కుక్కపిల్ల దవడలోకి వేలు దూర్చి ఎలాగో విడిపించింది. పాంటు అంచున రెండు చిల్లులు పడ్డాయి. మడమ మీద ఎర్రటి గీత ఒకటి తేలింది, రక్తం మాత్రం రాలేదు.

"అయ్యయ్యో, ఏమనుకోకండి మాస్టారూ. చిన్నది, పళ్ళొస్తున్నాయి దానికి," అంది పిన్ని.

"నాకూ కొత్త పళ్ళే కదమ్మా వస్తున్నాయి. నేనెవరినైనా కరిచానా?" అన్నాడు ఆయన. పెద్దమనిషి కాబట్టి నవ్వేశాడు. బ్యాండులో బాకా ఊదేవాడు ఆయన. ముందుపళ్ళు పోయాక ఊదితే గాలి పక్కలనుంచి పోతోందట. కొత్త సెట్టు కుదిరితే మళ్ళీ బ్యాండులోకి రమ్మన్నారట. అందుకే సర్దుబాటుకి శనివారం మళ్ళీ వస్తానని చెప్పి, మడమ తుడుచుకుని వెళ్ళాడు.

ఆయన గుమ్మం దాటేదాకా మేస్త్రి చేతులు కట్టుకుని చిరునవ్వుతోనే నిలబడ్డాడు. ఆ తర్వాత ఇటు తిరిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మేస్త్రికి రెండు గొంతులు. కుర్చీలో కూర్చున్నవాళ్ళతో మాట్లాడే గొంతు ఒకటి. దాన్ని వింటే నొప్పితో వచ్చినవాళ్ళకి సగం నొప్పి అక్కడే పోతుంది. "కాస్త తెరవండి... అంతే అంతే... కొరకండి... వదలండీ... భేష్!" అంటూ పసిపిల్లలకి గోరుముద్దలు పెట్టినంత లాలనగా మాట్లాడతాడు. ముందుగదికీ లోపలికీ మధ్య ఓ పూల కర్టెను వేలాడుతుంటుంది. ఆ కర్టెను దాటితే రెండో గొంతు.

"ఏమే! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? దాన్ని పనిగదిలోకి రానీకు అని చెప్పానా లేదా? నోటి దగ్గర పని మనది. ఇవాళ మడమ, రేపు ముక్కు పట్టుకుంటుంది. ఇంక నా వల్ల కాదు. గోడౌను సూపర్వైజరు కరిచే కుక్క కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళమంటాను."

"గోడౌనులో గొలుసేసి కట్టేస్తారండీ."

"కట్టేస్తే కరవదు కదా! పీడా వదుల్తుంది," అని మేస్త్రి అచ్చులు విప్పడానికి కూర్చున్నాడు.

 పిన్ని కుక్కపిల్లని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళి చాకిరేవు బండ మీద కూర్చుంది. బొద్దుగా, చెవులు ఒకటి నిలబడీ ఒకటి వాలీ, మూతి చుట్టూ పాలిషు పొడితో ఉందది. కూతురు ఓరోజు ఆగి ఉన్న లారీ చక్రాల మధ్యనుంచి తీసుకొచ్చిన పిల్ల. పాలపళ్ళు సూదుల్లాగా ఉండడంతో కత్తెర అని పేరు పడింది. పిన్ని పాలిషు మోటారు ముందు పొద్దంతా నిలబడి పనిచేస్తుంటే, అది వచ్చి ఆవిడ ఎడమ పాదం మీద పడుకునేది. ఆ బరువుకి పాదం తిమ్మిరెక్కినా ఆవిడ కదిపేది కాదు.

"నిన్నెవరికీ ఇవ్వనే," అంది దాని నెత్తి మీద గడ్డం ఆనించి. అది ఆవిడ గడ్డాన్ని కూడా ఓ పట్టు పట్టింది.

సాయంత్రం కూతురు వచ్చింది. డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని బ్రేకు, బ్రేకు అని అరిచే ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చేసరికి గొంతు పోయి ఉంటుంది. తల్లి చెప్పిందంతా విని ఫోను తీసింది.

"అమ్మా, ఇది చూడు. కరిస్తే కొట్టకూడదట. అబ్బా అని ఒక్క అరుపు అరిచి, చెయ్యి లాక్కోకుండా ఆపేసి, అటు తిరిగిపోవాలట. ఆట ఆగిపోయిందని దానికి అర్థమవుతుందట. ఇంకోటి. ఎక్కువ కరిచే పిల్లలకి పళ్ళ దురద ఒక్కటే కాదట, బుర్రకి పని లేకపోవడమట. బుర్రకి పని లేకపోతే నోటికి పని పెట్టుకుంటాయి."

"మనుషుల్లో కూడా ఉన్నారు అలాంటివాళ్ళు," అంది పిన్ని కర్టెను వైపు చూసి.

"వినపడుతోంది," అన్నాడు అవతలినుంచి మేస్త్రి.

కూతురు నవ్వాపుకుని, ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఆటలు కట్టొచ్చని చెప్పింది. తిండి గిన్నెలో పెట్టి ముందు పడెయ్యడం కాదు, అది వెతుక్కోవాలి, ఆలోచించాలి, సంపాదించుకోవాలి అంది. ఆ మాట పిన్నికి భలే నచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా ఇంకొకళ్ళు కట్టిన పళ్ళకి మెరుగు పెట్టిన మనిషి ఆవిడ. ఇది మాత్రం తనే కనిపెట్టాల్సిన పని.

మర్నాడు పొద్దున్నే మొదలెట్టింది. ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నెలు ఇంట్లో బోలెడు. చీలిపోయినవాటిని కడిగి, నేల మీద బోర్లించి, ఒకదాని కింద ఉడికిన గుడ్డు ముక్క పెట్టింది. కత్తెర ముందు గిన్నెని కరిచింది, అది జారిపోయింది. మొరిగింది. ఆ తర్వాత ఏం తోచిందో, కూర్చుని తల ఓ పక్కకి వాల్చి గిన్నెని చూసింది. మూతితో అంచు ఎత్తింది. గిన్నె పల్టీ కొట్టింది, గుడ్డు కనపడింది. అప్పుడది పిన్ని మొహంలోకి చూసిన చూపు చూడాలి! పరీక్ష పాసైన పిల్ల కూడా అంత సంబరపడదు.

"నా బంగారమే! నా తల్లే!" అని పిన్ని చప్పట్లు కొట్టింది.

ఆ పూటకి మూడు గిన్నెలయ్యాయి. తర్వాత పాత తువ్వాలు పరిచి, మడతమడతకీ ఓ బ్రెడ్డు ముక్క వేసి చుట్టి ఇచ్చింది. అది మూతితో దొర్లిస్తూ విప్పుకుని తినేసరికి అలసిపోయి, అక్కడే తువ్వాలు మీద నిద్రపోయింది. మధ్యాహ్నం దాకా ఇంట్లో ఓ చెప్పు కూడా మాయం కాలేదు. మేస్త్రి రెండుసార్లు కర్టెను తీసి చూసి వెళ్ళాడు.

అబ్బా అని అరిచే వైద్యం కూడా పనిచేసింది, ఆడవాళ్ళ దగ్గర. పిన్ని అబ్బా అని అటు తిరిగితే కత్తెర బిక్కమొహం వేసుకుని, వచ్చి ఆవిడ మడమ నాకేది. కూతురి దగ్గరా అంతే. మేస్త్రి దగ్గరకొచ్చేసరికే తేడా కొట్టేది. ఆయన అబ్బా అనడు. దాని మూతి తన లుంగీ వైపు తిరిగితే చాలు, ముందుగానే "కొరకొద్దు!" అని గద్దిస్తాడు. అప్పటిదాకా వాసన చూద్దామనుకున్నది కాస్తా ఆ మాట వినగానే లుంగీ పట్టేస్తుంది.

"చూశావా! చెబితే వినదు. పైగా చెప్పినప్పుడే కరుస్తుంది. మొండి ఘటం. కావాలనే చేస్తోందే ఇది!"

"అది కాదండీ, మీరు అరుస్తుంటే భయపడి..."

"భయపడితే తోక ఊపుతుందా?"

పిన్ని కత్తెర వైపు చూసింది. నిజమే, తోక ఊపుతోంది. చెప్పిన పని చేసి మెప్పు కోసం చూస్తున్నట్టే ఆయన మొహంలోకి చూస్తోంది.

శుక్రవారం ఉదయం ఇంకా పెద్ద గొడవైంది. మేస్త్రి మైనం కరిగించి ఓ సెట్టుకి చిగుళ్ళు దిద్దుతున్నాడు. సన్నటి గరిటె దీపం మీద వేడి చేసి, బొట్టుబొట్టుగా మైనం వేసి, పన్ను మెడ చుట్టూ నున్నగా తీర్చడం. ఊపిరి కూడా బిగబట్టి చేసే పని అది. కింద పడిన గులాబి రంగు మైనం ముక్క కోసం కత్తెర బల్ల కిందికి దూరింది. "కొరకొద్దు, కొరకొద్దు!" అంటూ ఆయన ముక్క లాక్కోబోయాడు. అది మైనాన్ని వదిలేసి బొటనవేలు పట్టుకుంది. ఈసారి రక్తం వచ్చింది.

మేస్త్రి చెయ్యెత్తలేదు. ఆ మాటకొస్తే ఆయన చెయ్యి ఎవరి మీదా ఎత్తలేదు, అన్నీ నోటితోనే. వేలికి గుడ్డ చుట్టుకుని, దాని మెడ పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, బట్టలారేసే తాడు ముక్కతో కుళాయికి కట్టేశాడు. "ఆదివారం దాకా ఇక్కడే!" అన్నాడు.

అది పొద్దంతా ఏడ్చింది. కుక్క ఏడుపు ఎలా ఉంటుందో విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిన్ని మోటారు వేసుకుని ఆ చప్పుడులో వినపడకుండా ఉందామనుకుంది. ఆపిన ప్రతిసారీ అది అక్కడే, అదే గొంతుతో మూలుగుతోంది. ఏం తప్పు చేశానని అడుగుతున్నట్టే అనిపించింది పిన్నికి. దగ్గరకెళ్ళి తడిగుడ్డ ముడేసి నోటికిచ్చింది. కాసేపు నమిలి ఊరుకుంది. గుడ్డ తీసి పిండబోతుంటే తెల్లటిది ఏదో టప్‌మని రాతి మీద పడింది. బియ్యపు గింజంత పన్ను.

పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. మేస్త్రి ముందు బల్ల మీద పెట్టింది. ఆయన కోపంగా చూసి, తర్వాత మామూలుగా చూసి, ఆ తర్వాత కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. దీపం దగ్గరికి జరిపి పన్నుని ఇటు తిప్పి అటు తిప్పాడు. ఎన్ని వేల పళ్ళు చూసిన కళ్ళో అవి. కానీ అన్నీ డబ్బాల్లో వరసగా అంటించి వచ్చే పళ్ళు.

"కోరపన్ను," అన్నాడు చివరికి. "వేరంతా కరిగిపోయింది చూడు. లోపల్నుంచి కొత్తది తోస్తోందన్నమాట. పాపం, దవడంతా సలుపుతూ ఉంటుంది." గోటితో రాసి చూసి, "ఎంత నునుపే దీనికి! నువ్వు వారం రోజులు రుద్దినా రాదు," అన్నాడు.

"మరి విప్పెయ్యనా?"

"వద్దు." భూతద్దం తీసేశాడు. "పన్ను పన్నే, కాటు కాటే. మాటిచ్చాను సూపర్వైజరుకి." కానీ పన్నుని పారెయ్యకుండా, చిన్న గాజు మూత కింద పెట్టాడు. సాయంత్రం కూతురు కారు తాళాలు ఊపుకుంటూ వచ్చి, తండ్రిని ఏమీ అడక్కుండానే తాడు విప్పేసి కత్తెరని లోపలికి తెచ్చింది. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

శనివారం బాకా మాస్టారు వచ్చాడు. ఈసారి పాంటు అంచులు సాక్సులోకి దోపుకుని మరీ వచ్చాడు.

పిన్ని తన అలవాటు ప్రకారం మోటారు దగ్గర నిలబడింది. మోటారు ఇంకా వెయ్యలేదు. కత్తెర మేస్త్రి కంటపడకుండా ఆవిడ పాదం మీద పడుకుంది. మాస్టారు కుర్చీలో కూర్చోగానే ఆవిడ తడిగుడ్డ ముడి తీసుకుంది. కుర్చీలో మనిషున్నంతసేపూ కత్తెర అల్లరి చెయ్యకుండా దాని నోటికి గుడ్డ ఇవ్వడం, మేస్త్రి సెట్టు తీసి మెరుగుకి తన చేతికిచ్చే ముందు గుడ్డ లాగేసుకుని, ఓ బిస్కెట్టు ముక్క పెట్టి బల్ల కిందికి పంపెయ్యడం. మోటారు తిరుగుతుంటే చక్రం దగ్గరికి మూతి తెస్తుందని ఆవిడకి భయం. అది ఇంటికొచ్చిన వారం నుంచీ ఇదే వరస. చెయ్యి దానంతటదే చేసేస్తుంది, మనసు పెట్టక్కర్లేదు.

ఇవాళ మాత్రం చెయ్యి ఆగింది. రేపు ఆదివారం అన్న దిగులులో గుడ్డ పట్టుకునే నిలబడిపోయింది.

"కొరకండి," అన్నాడు మేస్త్రి.

కత్తెర తటాలున లేచింది. నోరు తెరుచుకుని గుడ్డ కోసం పిన్ని చేతి వైపు చూసింది. గుడ్డ రాలేదు. అటూ ఇటూ చూసి, దొరికిన పిన్ని చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"వదలండీ..." అన్నాడు మేస్త్రి.

కత్తెర చీర వదిలేసింది. కూర్చుని, నాలుక బయటపెట్టి, బిస్కెట్టు కోసం చూసింది.

 పిన్ని వంగి దాని వైపు చూసింది.

"మళ్ళీ కొరకండి." కత్తెర చీర పట్టుకుంది. "వదలండీ." వదిలేసింది. "భేష్!" తోక నేలకేసి టపటపా కొట్టింది.

మాస్టారు నోట్లో ఎన్నిసార్లు పళ్ళు కలిశాయో అన్నిసార్లూ కింద చీర తడిసింది. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇదా సంగతి! కొరక అన్న మాట వినపడితే పట్టుకోవాలి, వదలండి అంటే వదలాలి. దానికి ఇంకెవరూ ఏమీ నేర్పలేదు, దీన్ని మాత్రం రోజూ నేర్పారు. ఆయన కొరకొద్దని అరిచినకొద్దీ అది విన్నది మొదటి ముక్కే. తోక ఎందుకు ఊపదు మరి? యజమాని చెప్పాడు, అది చేసింది. చెప్పిన మాట విన్నందుకే కదా దాన్ని కుళాయికి కట్టేసింది!

మాస్టారు అద్దంలో చూసుకుని, పెదాలు బిగించి గాల్లోకే ఓ పాట ఊది, గాలి ఎక్కడా పోలేదని పొంగిపోయి వెళ్ళాడు. ఆయన చెప్పులు గుమ్మం దిగీ దిగకముందే పిన్ని మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, దానిది తప్పు కాదండీ. మనమే నేర్పాం. నోరు మీది, చెయ్యి నాది."

మేస్త్రి అర్థంకాక చూశాడు. ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. చెప్పి, కత్తెర నోటికి గుడ్డ అందించి, "వదులు," అంది. అది వదల్లేదు. "వదలవే!" వదల్లేదు. గొంతు తగ్గించి, అచ్చం మేస్త్రిలాగే ముక్కుతో కాస్త సాగదీసి, "వదలండీ..." అంది. గుడ్డ నేల మీద పడింది.

మేస్త్రి మొహం ఎర్రబడింది.

"ఏదో కాకతాళీయం."

"మీరనండి ఒకసారి."

"నేనా? కుక్కని పట్టుకుని అండి అనాలా? రేపు భోంచేశారా అని కూడా అడగమంటావేమో. నవ్విపోతారే నలుగురూ!"

"కుర్చీలో వాళ్ళందరినీ అంటున్నారు కదా."

"వాళ్ళు మనుషులు."

"ఇంట్లో మనుషుల్నీ అనరు కదండీ మీరు," అనేసింది పిన్ని. అనేశాక తనే ఉలిక్కిపడింది. పెళ్ళైనప్పట్నుంచీ మనసులో ఉన్న మాట కూడా కాదది. ఇప్పుడే, ఈ గుడ్డముక్క నేల మీద పడ్డప్పుడే పుట్టింది.

 మేస్త్రి బల్ల దగ్గర కూర్చుని, అరగదియ్యాల్సిన అవసరం లేని పన్నుని చాలాసేపు అరగదీశాడు.

ఆదివారం పొద్దున్నే గోడౌను సూపర్వైజరు వచ్చాడు. మనిషి మంచివాడే, చెడ్డవాడని చెప్పడానికి లేదు. చేతిలో మాత్రం కొత్త గొలుసు ఉంది. కత్తెర దాన్ని మూడుసార్లు వాసన చూసి, దాని చప్పుడు నచ్చక వెనక్కి వెళ్ళింది.

"ఇదేనా మేస్త్రిగారూ? ఇంతుంది, అంత కరుస్తుందా?"

"ఏమండీ," అంది పిన్ని.  కూతురు తల్లి పక్కకొచ్చి భుజం పట్టుకుంది.

మేస్త్రి చేతిలో మైనం గరిటె పట్టుకుని అటు చూడకుండా నిలబడ్డాడు. "తీసుకెళ్ళండి," అన్నాడు.

సూపర్వైజరు వంగి గొలుసు మెడకి తగిలించబోయాడు. కత్తెర తల విదిల్చింది. "ఏయ్, కొరకొద్దు!" అన్నాడాయన, అందరూ అనేదే. ఇంకేముంది, మణికట్టు పైన చొక్కా చెయ్యి పట్టేసింది.

"భలే పట్టు! ఇదే కావాలి నాకు," అని నవ్వాడు ముందు. చొక్కాతో పాటు చర్మం కూడా దొరికేసరికి నవ్వు పోయింది. "కొరకొద్దు! అబ్బబ్బ, కొరకొద్దే!" అని విదిలించాడు. అది గాల్లోకి లేచింది కానీ వదల్లేదు. చెప్పిన మాట చెప్పినట్టు వింటోంది పాపం. నొప్పికి తాళలేక ఆయన రెండో చేత్తో గొలుసు మడిచి పైకెత్తాడు.

"వదులు!" అని అరిచాడు మేస్త్రి.

వదల్లేదు. పిన్ని ముందుకు ఉరికింది. గొలుసు ఇంకా గాల్లోనే ఉంది. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. మేస్త్రి వాళ్ళని చూశాడు, గొలుసుని చూశాడు. గరిటె బల్ల మీద పెట్టి, కత్తెర పక్కనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"వదలండీ..." అన్నాడు. కుర్చీలో వాళ్ళతో మాట్లాడే ఆ మొదటి గొంతుతోనే. "నెమ్మదిగా... అంతే అంతే. వదలండీ..."

కత్తెర నోరు తెరిచింది. కింద కూర్చుంది. నాలుకతో మూతి తుడుచుకుని ఆయన మొహంలోకి చూసింది.

"భేష్," అన్నాడు మేస్త్రి. అలవాటుగా వచ్చిందది, ఆపుకోలేకపోయాడు. పిన్ని బిస్కెట్టు ముక్క తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. కట్టు ఉన్న బొటనవేలితోనే ఆయన దాని నోటికి అందించాడు. అది పెదాలతో తీసుకుంది, పన్ను తగలనివ్వలేదు.

సూపర్వైజరు గొలుసు దించి, మణికట్టు చూసుకుని తెల్లబోయాడు. "ఇదేం మర్యాదండీ బాబూ! సరే, ఈ ఒక్క మాట నేర్చుకుంటాను. పట్టుకోమంటే పట్టుకుంటోంది, వదలమంటే వదులుతోంది, బంగారంలాంటి కుక్క. ఇచ్చెయ్యండి."

"అక్కడ రాత్రిపూట ఎవరుంటారు?" అన్నాడు మేస్త్రి.

"ఎవరుంటారండీ? తాళం, గొలుసు, ఇదీ."

"మరి దీనితో వదలండి అని ఎవరంటారు?"

"వదలడం దేనికి? దొంగని పట్టుకోవడానికేగా పెడుతున్నాం."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు కటకటలాడాయి. "పట్టుకోమనడానికి అందరూ ఉంటారు. వదలమనే మనిషి ఒకడు లేకపోతే తప్పంతా దానిదే అవుతుంది. రెండ్రోజుల క్రితం నేనూ అదే చేశాను. తెలిసీ పంపలేనండి, ఏమనుకోకండి. మీ చొక్కా నేను కుట్టించి ఇస్తాను."

సూపర్వైజరు గొణుక్కుంటూ గొలుసు చుట్టుకుని వెళ్ళిపోయాడు. పిన్ని గుమ్మంలోనే కూర్చుండిపోయి, కత్తెరని ఒళ్ళోకి లాక్కుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చేసింది. అది ఆవిడ కళ్ళనీళ్ళు నాకింది. ఎదురింటావిడ "మీ ఆయన కుక్కని అండీ అన్నాడే!" అని అడిగితే, "అంటారు, ఆయనిష్టం," అంది ముక్కు చీదుకుని.

ఆ రోజంతా ఇంట్లో కొత్త భాష నేర్చుకోవడంతోనే సరిపోయింది. కూతురు కొరక అన్న ముక్క ఎవరి నోటా రాకూడదని రూలు పెట్టింది. అన్నవాళ్ళు గిన్నెలు కడగాలంది. మధ్యాహ్నానికి మేస్త్రి రెండు పూటల గిన్నెలకి బాకీ పడ్డాడు. వచ్చేవాళ్ళతో ఇకనుంచి "పళ్ళు కలపండి" అనాలని తీర్మానమైంది. అద్దం ముందు నిలబడి పదిసార్లు అనుకున్నాడు కూడా. పిన్ని కత్తెరకి కొత్త ఆట కట్టింది. ఇత్తడి అచ్చు రెండు చెక్కల మధ్య రొట్టె పెట్టి, మూత ఎలా తెరుచుకుంటుందో కనిపెట్టమంది. సాయంత్రం దాకా దానితో కుస్తీ పట్టి, తెరిచి, తిని, బల్ల కింద వెల్లకిలా పడి నిద్రపోయింది.

పొద్దు వాలాక మేస్త్రి ఓ సెట్టు ముందేసుకుని దీపం దగ్గర కూర్చున్నాడు. పిన్ని అటు తిరిగి మోటారు చక్రానికి పట్టిన పొడి దులుపుతోంది.

"కాస్త ఇలా వచ్చి కూర్చోండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు."

ఈ వేళప్పుడు పళ్ళకెవరొచ్చారా అని పిన్ని చేతులు తుడుచుకుంటూ తిరిగింది. గుమ్మంలో ఎవరూ లేరు. వీధి తలుపు కూడా వేసే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది.

"ఎవరినండీ?" అంది.

మేస్త్రి తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఎవరినేంటి? కుక్కని," అన్నాడు.

బల్ల కింద కత్తెర గుర్రు పెడుతోంది. పిన్ని దాన్నోసారి చూసింది, మొగుణ్ణోసారి చూసింది.

"సరేనండి," అని వచ్చి, కుర్చీలో కూర్చుంది.